మన తొలి మిషనెరీ ఫాదర్ హయ్యరు గారు



ఏటేట జూలై 31వ తేదీన మన లూథరన్ సంఘములలో ఫాదర్ హయ్యరు గారి దినమును ఆచరించుచున్నాము. ఆ దినమున పిల్లలచేత పాటలు పాడించుదుము, సువార్త పని నిమిత్తము కానుక పళ్లెము త్రిప్పుదుము, ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయుదుము. అయితే ఆయన ఎచ్చట పుట్టెను, ఎన్ని యేండ్ల ప్రాయమున మన నల్లరేగడి నేలమీద కాలు మోపెను, ఎన్నిసార్లు పోయి వచ్చెను, తుదకు ఎచ్చటి మట్టిలో పరుండెను అని అడిగినచో, మన పల్లెలలో సరిగా చెప్పగలవారు కొద్దిమందియే. తెల్లదొర యని చెప్పి ఊరకుందురు.

ఈ నెల ధ్యానమునకు యెహోషువ గ్రంథము 14వ అధ్యాయమును తీసికొన్నాము. ఎనుబది యైదేండ్ల కాలేబు యెహోషువ యెదుట నిలిచి, తనకు సుళువైన పల్లపు భూమి కావలెనని అడుగక, అనాకీయులు కాపురమున్న కొండసీమనే ఇమ్మని అడిగిన సంగతి అందున్నది. ఆ అధ్యాయము చదివినప్పుడెల్ల మాకు హయ్యరుగారే మనస్సున మెదలుచుందురు. ఆయన చరిత్ర చదివి, మీరే పోల్చి చూచుకొనుడి.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1793 జూలై 10వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ అను పట్టణములో జన్మించెను. నెపోలియను యుద్ధములచేత ఆ సీమలన్నియు కలత చెందియున్న కాలమది. 1807లో, పదునాలుగేండ్ల వయస్సున, తల్లిదండ్రులు ఆయనను ఓడ యెక్కించి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందున్న మేనమామ యొద్దకు పంపిరి. కరువు వచ్చినను కలహము వచ్చినను పిల్లవానిని మేనమామ యింట దించి వచ్చుట మనలోను కలదు గదా. మన పిల్లవాడు సంక్రాంతికి తిరిగి యింటికి రాగలడు. ఆ పిల్లవానికి నడుమ మహాసముద్రము అడ్డము. అట్లు చిన్ననాటనే పరదేశవాసము ఆయనకు అలవాటాయెను.

ఫిలడెల్ఫియాలోని జర్మను లూథరను సంఘములో ఆయన పెరిగి, అక్కడి పాదిరుల యొద్ద వేదశాస్త్రము నేర్చుకొనెను. 1815లో జర్మనీకి పోయి గోట్టింగెన్ విశ్వవిద్యాలయములో చదివి మరల అమెరికా చేరెను. 1817లో బోధించుటకు అనుమతియు, 1820లో పాదిరి అభిషేకమును పొందెను. ఆ నడుమ 1819లో మేరీ గాష్ అను విధవరాలిని వివాహమాడెను. ఆమెకు అప్పటికే ఇద్దరు బిడ్డలు. తరువాత ఈ దంపతులకు ఆరుగురు కలిగిరి. విధవరాలిని, అందులోను బిడ్డలున్న ఆమెను, చేపట్టుట మన ఊళ్లలో నేటికిని ఎందరికి మింగుడుపడునో మాకు తెలియును గనుక ఈ సంగతిని దాటిపోక వ్రాయుచున్నాము.

పెన్సిల్వేనియా రాష్ట్రపు పడమటి కొండలలో ఆయన ఇరువదేండ్లు పాటుపడెను. ఆ కాలమున ఆ కొండలే అమెరికా ప్రజల కాపురములకు పొలిమేర. అడవి నరికి, దుంగలతో ఇండ్లు కట్టుకొని, దూరదూరముగా బ్రదుకుచున్న జర్మను రైతులకు గుడి లేదు, బడి లేదు, బాప్తిస్మమిచ్చువాడు లేడు. హయ్యరుగారు గుర్రమెక్కి ఒక లోయనుండి మరియొక లోయకు పోవుచు, దొరికిన యింటిలో కూటము పెట్టుచు, సండేస్కూళ్లు స్థాపించుచు తిరిగిరి. 1837లో పిట్స్‌బర్గు పట్టణములో సంఘములు స్థాపించిరి. ఒక చోట సంఘము నిలువద్రొక్కుకొనగానే దానిని మరియొకరి చేతికప్పగించి, ఇంకను పడమటికి జరుగుట ఆయన పద్ధతి. నాటినవాడే కోసికొనవలెనను పట్టుదల ఆయనకు లేదు. మన పాదిరులలో, మేమును అందులోని వారమే, కట్టిన గుడిని వదలి బదిలీకి పోవలసివచ్చినప్పుడు ఎంత బాధపడుదుమో యెరిగిన వారికి ఇది చిన్న సంగతి కాదని తోచును.

1839లో మేరీ మరణించెను. 

మరుసటి సంవత్సరము అమెరికా లూథరనులు హిందూదేశమునకు తమ పక్షమున మొదటి మిషనెరీని పంపదలచి హయ్యరుగారిని పిలిచిరి. ఆయన సమ్మతించెను. అయితే ఆ మిషను సొసైటీవారు ఇతర సంఘములతో కూడిన అమెరికను బోర్డు అను సమాజము క్రింద పని చేయుటకు ఏర్పాటు చేయగా, ఆయన ఆ పిలుపును విడిచిపెట్టెను. లూథరను ఉపదేశము ప్రకారము స్వేచ్ఛగా పని చేయలేనేమోనని ఆయన భయము. తరువాత పెన్సిల్వేనియా మినిస్టీరియము అను పాదిరుల మహాసభవారు తామే ఆయనను పంపుటకు పూనుకొనిరి. ఇంత చిన్న విషయమునకై పిలుపును వదలుకొనవలెనా యని కొందరనవచ్చును. మా మట్టుకు మేము ఆయన పక్షమే. ఎవరి పనివాడనో తెలియకుండ పొలములో దిగినవాడు సాయంకాలమున కూలి ఎవరిని అడుగును?

1841 అక్టోబరులో బోస్టను రేవునుండి బ్రెండా అను ఓడ మీద ఆయన బయలుదేరెను. బిడ్డలను ఆ దేశముననే విడిచెను. ఈ చోట మా కలము కొంచెము ఆగుచున్నది. తల్లి చనిపోయిన బిడ్డలను విడిచి తండ్రి సముద్రము దాటుట న్యాయమా? ఆయనను పొగడు పుస్తకములు ఈ సంగతిని ఒక్క మాటలో దాటించివేయును. తండ్రినైనను తల్లినైనను బిడ్డలనైనను తనకంటె ఎక్కువగా ప్రేమింపవద్దని ప్రభువు చెప్పిన మాట మనకు తెలియును. స్వకీయులను సంరక్షింపని వానిని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన కఠినమైన మాటయు మనకు తెలియును. ఈ రెంటి నడుమ ఆయన నలిగియుండవలెను. ఆ బిడ్డలు చెల్లించిన వెల మన సువార్త లెక్కలో ఎక్కడను వ్రాయబడలేదు గాని, మనము హయ్యరు దినమున కానుక వేయునప్పుడు వారినికూడ తలంచుకొనుట ధర్మము.

1842 మార్చిలో ఓడ కొలంబో చేరెను. అక్కడనుండి ఆయన తూత్తుకూడి దిగి, తిరునెల్వేలి సీమలోని సంఘములను చూచి, మద్రాసు చేరెను. జీగెన్‌బాల్గు, ప్లూట్షౌ అను లూథరను మిషనెరీలు తరంగంబాడికి వచ్చి అప్పటికి 136 ఏండ్లయినది; తమిళ దేశమున సంఘములు వేళ్లూనియున్నవి. తెలుగు దేశములోనో ఆనాడు పనివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆయన ఉత్తరముగా నెల్లూరు వచ్చి, అక్కడి అమెరికను బాప్తిస్టు మిషనెరీలు డే దొరగారిని, వాన్ హ్యూసెన్ దొరగారిని చూచి, ఒంగోలు మార్గమున గుంటూరు చేరెను. అది 1842 జూలై 31, ఆదివారము. ఆయనకు 49 ఏండ్లు నిండి మూడు వారములు.

ఆనాటి గుంటూరు సీమను మీరు మనస్సున ఊహించుకొనవలెను. రైలు లేదు. కృష్ణ ఆనకట్ట లేదు. అది బెజవాడవద్ద 1855లో గాని పూర్తికాలేదు. పంట అంతయు వాన దయ. పదేండ్ల క్రిందట, 1832-33లో, మన పెద్దలు నందన కరువనియు డొక్కల కరువనియు చెప్పుకొను కరువు వచ్చి గుంటూరు జిల్లా జనములో ఇంచుమించు మూడవ వంతును కబళించినది. బాటల ప్రక్కను ఎముకలు పడియుండినవట. పాడుపడిన పల్లెలలో మిగిలినవారు ఇంకను కోలుకొనుచుండిరి. తెలుగులో సంపూర్ణమైన బైబిలు కూడ అచ్చుకాలేదు. పాత నిబంధనతో కూడ కలిసి అది 1854లో గాని మన చేతికి రాలేదు.

హయ్యరుగారిని చేర్చుకొన్నవాడు గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సు దొర. ఆయన భక్తిగల ఆంగ్లికను; తన జిల్లాకు మిషనెరీ కావలెనని కనిపెట్టుకొనియుండెను. హయ్యరుగారికి ఆశ్రయమిచ్చి, ద్రవ్యసహాయము చేసి, తాను నడుపుచుండిన ఇంగ్లీషు బడిని అప్పగించెను. ఇది దేవుడు తెరచిన ద్వారమని మన చరిత్రకారులు వ్రాయుదురు. మేమును కాదనము. అయితే కలెక్టరు దొర చేయిపట్టుకొని వచ్చిన సువార్తను పల్లెవారు ఏ కంటితో చూచియుందురో తలంచవలెను. పన్ను వేయు దొరయు, ప్రార్థన చేయు దొరయు ఒక్క బల్లయొద్ద కూర్చుండినచో, బీదవాడు ఆశతోను వచ్చును, భయముతోను వచ్చును. ఈ చిక్కు హయ్యరుగారి నాటితో తీరలేదు. తరువాతి నూరేండ్లును మన సంఘములను వెంటాడెను.

ఆయన మొదట దుబాసీ సహాయముతో బోధించెను. ఏబదేండ్ల వయస్సున అ ఆలు దిద్దుట ఎంత ప్రయాసమో, మన రాత్రిబడులలో ఆ వయస్సువారికి చదువు చెప్పినవారికి తెలియును. మొదటి నెలలనుండియే బడులు పెట్టెను. మగపిల్లలకే గాక ఆడపిల్లలకును చదువు చెప్పించెను. ఆడపిల్లకు అక్షరమెందుకని పెద్ద కులములవారే నవ్విన రోజులవి. నేడు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల తన పుట్టుకను హయ్యరుగారు నడిపిన ఆ చిన్న బడివరకు లెక్కపెట్టుకొనుచున్నది.

1844లో వాల్టరు గన్ దొరగారు భార్యతో కూడ వచ్చి ఆయనకు తోడైరి. కొలదికాలములోనే హయ్యరుగారి ఆరోగ్యము చెడి అమెరికా వెళ్లిరి. ఆయన కథ ఇంతటితో ముగిసినదని అందరును తలంచియుందురు. ఆయన ఏమి చేసెనని యనుకొందురు? బాల్టిమోరు నగరములో ఒక క్రొత్త సంఘమును నెలకొల్పుచు, అక్కడనే వైద్యవిద్య చదివి, ఏబదేండ్లు దాటిన ప్రాయమున, కుమారులవంటి పిల్లల ప్రక్కను బెంచీమీద కూర్చుండి, డాక్టరు పట్టము పుచ్చుకొనెను. గుంటూరులో జ్వరముతో మూలుగువారిని చూచి ఊరక ప్రార్థించి వచ్చుట ఆయన మనస్సునకు చాలలేదని మాకు తోచుచున్నది. 1848లో రెండవసారి గుంటూరు చేరెను.

ఈ రెండవ రాకలోనే ఆయన మన పల్నాటికి వచ్చెను. 1849లో గురజాల చేరి అక్కడ బంగళా కట్టుకొనెను. దానికిని స్టోక్సు దొర సహాయము కలదు. పల్నాడనగా నేమో క్రొత్తగా చెప్పనక్కరలేదు. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారెంపూడి రణభూమి మన పిల్లలకును తెలియును. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననియు, మాల కన్నమదాసును కుమారునిగా చేకొనెననియు వీరగాథలు పాడువారు నేటికిని పాడుచున్నారు. ఆ గాథలు పాడు ఊళ్లలోనే మాల మాదిగలు ఊరి బావినుండి కడవెడు నీళ్లు తెచ్చుకొన వీలులేక యుండిరి. పాటలో నిలిచిన చాపకూడు ఊరిలో నిలువలేదు. హయ్యరుగారు ఆ పల్లెలకు పోయి, ఒక్క రొట్టె ఒక్క గిన్నె అను ప్రభురాత్రి భోజనమును గూర్చి చెప్పినప్పుడు, ఆ మాట పల్నాటి చెవులకు బొత్తిగా వింత కాదని మేము నమ్ముచున్నాము. ఎప్పుడో విని మరచిన మాటవలె అది వినబడియుండును.

గుంటూరు పట్టణములో ఏండ్ల తరబడి బోధించినను ఒక్కొక్కరుగా వచ్చినవారు, ఇక్కడ కుటుంబములుగా వచ్చిరి. ఆయన బోధించుచు, మందులిచ్చుచు, ఊరూరు బడులు పెట్టుచు తిరిగెను. నాపరాళ్ల నేల, ముండ్ల తుప్పలు, వేసవిలో బండలు ప్రేలు ఎండ, వానలు వెలసిన తరువాత చలిజ్వరము. ఆ జ్వరమునకు పల్నాడు ఆ దినములలో చెడ్డపేరు పొందియుండెను. ఒకవేళ తాను చనిపోయినచో ఆ అడవి ప్రాంతమున పెట్టె చేయించువారుండరని, ఆయన ముందుగానే తన శవపేటికను చేయించి యింటిలో ఉంచుకొనెనని పెద్దలు చెప్పుదురు. అది వినినవారు ఆయన చావునకు సిద్ధపడియుండెనని మెచ్చుకొందురు. మాకు దానిలో ఆయన లెక్కప్రకారము నడచు జర్మను స్వభావమును, కొంత హాస్యమును కనబడుచున్నది. ఏమైనను ఆ పెట్టె ఆయనకు అక్కరకు రాలేదు.

ఆయనకంటె చిన్నవారు రాలిపోయిరి. గన్ దొరగారు క్షయరోగముతో 1851లో గుంటూరులో మరణించిరి. ఆ సంవత్సరముననే రాజమహేంద్రవరమందలి ఉత్తర జర్మను మిషను మన మిషనుతో కలిసెను; గ్రోనింగు, హైసె దొరగార్లు మనవారైరి. 1853లో మిషనెరీలు కూడి ఒక సినడును ఏర్పరచుకొనగా హయ్యరుగారే దానికి అధ్యక్షులైరి. 1857లో, 64 ఏండ్ల వయస్సున, ఆయన మరల అమెరికా ప్రయాణమాయెను.

విశ్రాంతికి పోయినాడనుకొనవద్దు. ఆయన పోయినది మిన్నెసోటా. అమెరికా నడిబొడ్డున ఉత్తరముగా, మిసిసిపీ నది పుట్టు సీమ అది. మన ఒంగోలు, గుంటూరు మైదానములవలె కంటికి అడ్డములేని బయలు. చెట్టు తక్కువ, గడ్డి ఎత్తు, నల్లని సారవంతమైన మన్ను. తేడా యేమనగా, మనకు వేసవి ఎంతయో వారికి చలి అంత. నదులు గడ్డకట్టి బండ్లు వాటిమీదనే నడచును. 1858లో గాని అది రాష్ట్రము కాలేదు. జర్మనీనుండియు, నార్వే స్వీడను దేశములనుండియు రైతులు గుంపులు గుంపులుగా వచ్చి క్రొత్త ఊళ్లు వేయుచుండిరి. హయ్యరుగారు సెయింట్ పాల్ పట్టణములో కాపురముండి అక్కడి ట్రినిటీ సంఘమును కాయుచు, రెడ్ వింగ్, న్యూ ఉల్మ్ మొదలైన క్రొత్త ఊళ్లకు పోయి బోధించుచుండిరి. 1860లో మిన్నెసోటా సినడు స్థాపింపబడగా దానికిని మొదటి అధ్యక్షులు ఆయనే. గుంటూరులో తొలి బోధకుడు, అక్కడ తొలి అధ్యక్షుడు. పేర్లు మారినవి, పని మారలేదు.

ఆ బయలు ఎవరును లేని బయలు కాదని కూడ చెప్పవలెను. అది డకోటా ప్రజల భూమి. ఒడంబడికలచేత వారి నేల వారినుండి జారిపోయెను. ఇయ్యవలసిన సొమ్ము వేళకు అందక, ఆకలికి తాళలేక, 1862 ఆగస్టులో వారు యుద్ధమునకు లేచిరి. న్యూ ఉల్మ్ పట్టణము ముట్టడింపబడెను. ఉభయపక్షముల అనేకులు చనిపోయిరి. ఆ సంవత్సరము డిసెంబరు 26న మాంకేటో పట్టణములో 38 మంది డకోటా మనుష్యులను ఒక్కసారిగా ఉరితీసిరి. కాపురమునకు వచ్చినవారు భక్తిపరులే, కష్టజీవులే. అయినను వారు దున్నిన చాలు ఒకప్పుడు మరియొకరిది. నాబోతు ద్రాక్షతోట కథ చదువు మనము దీనిని ఎరుగకపోరాదు.

ఇచ్చట మన ఒంగోలు వారికి ఒక మాట. మీ క్లౌ దొరగారును ఆ మైదానముల బిడ్డయే. ఇల్లినాయి, అయోవా బయళ్లలో పెరిగి, యౌవనమున మిన్నెసోటాలో భూములు కొలుచు సర్వే పనిచేసి, 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడిరి. ఆయన ఇటు వచ్చునప్పటికి హయ్యరుగారు అటునుండిరి.

ఇంతలో ఇక్కడి పని క్షీణించెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలాయెను. ఆ దేశపు ప్రత్తి ఓడలు రాక మన ప్రత్తికి ఎన్నడెరుగని ధర పలికెనుగాని, మన మిషనుకు వచ్చు సొమ్ము ఎండిపోయెను. యుద్ధముతోను, ఉపదేశ వివాదములతోను అమెరికా లూథరనులు చీలిపోయిరి. 1866లో రాజమహేంద్రవరపు మిషనెరీ ఆదాము లాంగు దొరగారు మశూచికముతో మరణించిరి. 1858లో వచ్చిన ఉనాంగ్స్ట్ దొరగారు ఒక్కరే గుంటూరులో మిగిలి, రెండు పొలములు ఒక్క నాగలితో దున్నలేక, రాజమహేంద్రవరమును మచిలీపట్టణమందలి ఇంగ్లీషు చర్చి మిషనెరీ సొసైటీవారికి అప్పగించుటకు మాటలాడుచుండిరి. ఆ సొసైటీవారు మంచివారే. ఉనాంగ్స్ట్ గారిని తప్పుపట్టుటకును వీలులేదు. అయినను ఒక సంఘమును, అందలి మనుష్యులను అడుగకయే, ఒక చేతినుండి మరియొక చేతికి మార్చుట జరుగనుండెను. పొలము అమ్మునప్పుడు పాలేరును ఎవరడుగుదురు?

ఆ మూడేండ్లును అక్కడి మందను కాచినది ఎవరు? నేలప్రోలు పౌలుసు, తోట జోసెఫు మొదలైన మన తెలుగు ఉపదేశులు. పైన దొర లేడు. ఆరాధన మానలేదు, బడి మూయలేదు. ఆ ఇరువురును 1878లో పాదిరులుగా అభిషేకింపబడిరి. హయ్యరు దినమున వీరి పేర్లు చదువని సంఘము సగము చరిత్రనే చదువుచున్నదని మా అభిప్రాయము.

రాజమహేంద్రవరమును ఇచ్చివేయుదురను వార్త హయ్యరుగారి చెవినిబడెను. ఆయన ఊరకుండలేదు. 1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణములో మినిస్టీరియము సభ కూడగా, ఆయన అక్కడికి వచ్చి నిలిచి, ఆ పొలమును విడువరాదని వాదించెను. పనివాడు లేడుగదా యని ప్రశ్న రాగా, తానే పోవుటకు సిద్ధమని చెప్పెను. చేతిసంచిని కూడ సర్దుకొని వచ్చెనట. సభలోని యౌవనస్థుల ముఖములు ఎట్లుండెనో చూచిన బాగుండును. అప్పటికాయనకు 75 ఏండ్లు దాటినవి. సభవారు ఆ రాజమహేంద్రవరమును ఇయ్యక నిలుపుకొనుటకు తీర్మానించిరి.

ఆగస్టులో ఓడ యెక్కి, 1869 డిసెంబరు 1వ తేదీన ఆయన గోదావరి ఒడ్డున దిగెను. ఇది మూడవ రాక. ఇసాకు తన తండ్రి త్రవ్వించిన బావులు పూడియుండగా వాటిని మరల త్రవ్వించి, తన తండ్రి పెట్టిన పేర్లే పెట్టెనని ఆదికాండము 26వ అధ్యాయములో చదువుచున్నాము. ఇక్కడనో తండ్రియే తిరిగివచ్చి త్రవ్వవలసివచ్చెను. అయితే బావి పూర్తిగా పూడలేదు, పౌలుసు జోసెఫులు ఊట ఆగకుండ చూచుచుండిరి. ఆయన ఎక్కువ కాలము ఉండుటకు రాలేదు. తన వెనుక వచ్చువారికి తలుపు తెరచియుంచుటకు వచ్చెను. సంఘములను తిరిగి చూచెను, బడులను సరిచేసెను. 1870లో డెన్మార్కు దేశస్థుడైన హెచ్. సి. ష్మిత్ దొర వచ్చిరి. ఆయన ముప్పదేండ్లకు పైగా ఈ పొలమున పాటుపడిరి. మరియొక పనివాడు పౌల్సను దొరయు చేరనుండగా, 1871 జనవరిలో హయ్యరుగారు పని అప్పగించి కడసారి బయలుదేరిరి.

ఫాదర్ అను పేరును గూర్చి ఒక మాట చెప్పవలెను. మనలో పాదిరిని ఫాదర్ అనుట రోమను కతోలికుల వాడుక యని కొందరు ఆక్షేపింతురు. ఇది పదవి పేరు కాదు. అమెరికాలోని మనవారే ఆ వృద్ధుని ప్రేమతో అట్లు పిలిచిరి. మనము తాతయ్య యనునట్లు. ఆయన నాటిన పనినుండి పెరిగిన గుంటూరు, రాజమహేంద్రవరపు మిషనులు కలిసి, 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘమాయెను. మీలో అనేకుల బాప్తిస్మపు పత్రములమీద ఆ పేరే యున్నది.

అమెరికా చేరిన తరువాత ఫిలడెల్ఫియాలోని వేదశాస్త్ర పాఠశాలలో విద్యార్థులకు గృహపితగాను చాప్లెయినుగాను ఆయనను నియమించిరి. హాస్టలు పిల్లల తప్పొప్పులు చూచుచు, ప్రార్థనలు నడుపుచు రెండేండ్లు గడిపెను. తన బిడ్డలను పెంచు వయస్సున వారికి దూరమైనవాడు, ఎనుబదవ యేట పరుల బిడ్డలకు తండ్రియై కూర్చుండెను. 1873 నవంబరు 7వ తేదీన ప్రభువునందు నిద్రించెను. గురజాలలో చేయించుకొన్న పెట్టెలో గాక, గుంటూరులో గాక, రాజమహేంద్రవరములో గాక, పెన్సిల్వేనియా కొండలలో, తాను పడుచుతనమున గుర్రముమీద తిరిగిన సోమర్సెట్ జిల్లాలో ఆయనను పాతిపెట్టిరి. ఆ ప్రక్కనే మేరీ సమాధి కలదు. ఆమెను అక్కడ ఉంచి అప్పటికి 34 ఏండ్లయినది.

వచ్చు నెల ఉనాంగ్స్ట్ దొరగారి చరిత్ర వ్రాయుదుము.